కాన్పునకు కాన్పునకు నడుమ



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల స్త్రీలకు సంతాన విషయమున బాగుగా తెలిసిన త్రోవలు రెండే. పిల్లలు కలుగుచున్నంత కాలము కనుచుండుట యొకటి. ఇక చాలు ననుకొన్ననాడు వైద్యశాలకు పోయి ఆపరేషను చేయించుకొని, ఆ తలుపు మఱి తెఱవ వీలులేకుండ మూసివేయుట రెండవది. ఈ రెంటికి నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. ఆ తలుపును కొన్నేండ్లు దగ్గఱగా వేసియుంచి, వలసినపుడు మరల తీసికొనుటకు వీలు కలిగించు సాధన మది. దానిని వైద్యులు కాపర్ టి యనుచున్నారు. మా ప్రాంతపు ముసలమ్మలు నేటికిని లూపు అనియే యనుచున్నారు. నేటి ప్రసంగము దానిని గుఱించి.

ఇట్టి విషయమున మగవాడు, అందును కావ్యములకు టీకాతాత్పర్యములు చెప్పుకొని బ్రతికిన వృద్ధ పండితుడు నోరు విప్పవచ్చునా యని కొందఱకు సంశయము కలుగవచ్చును. నా సమాధానము చిన్నది. ముప్పదేండ్లకు పైగా నేను ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పితిని. తొమ్మిదవ తరగతిలో గణవిభజన తప్పులేకుండ చేసిన బాలిక వేసవి సెలవుల తరువాత బడికి రాదు. ఏమైనదని యడిగినచో పెండ్లియైనదందురు. రెండేండ్లకు ఆమెయే సంతలో ఎదురైనపుడు చంకలో నొక బిడ్డ, కడుపులో నొక బిడ్డ. "నమస్కారమండీ అయివారూ" అని నవ్వును గాని, ఆ నవ్వునందు రక్తము లేదు. ఇట్టివారు ఒకరు కారు, ఇద్దఱు కారు. నేను విశ్రాంతి తీసికొన్న పిదప ఇరుగుపొరుగువారు వైద్యశాల కాగితములు చదివి చెప్పుమని నా యొద్దకు తెచ్చుచున్నారు. ఆ కాగితములను చదువుచు, అర్థము కానివానిని డాక్టరమ్మలను, నర్సమ్మలను అడుగుచు నేను తెలిసికొన్నదే యిప్పుడు మీకు చెప్పుచున్నాను. వైద్యము చెప్పుట నా పని కాదు. వైద్యులు చెప్పినదానిని తెలుగున చెప్పుట మాత్రము నా పనియే.

ముందు మా సీమ సంగతి. ఆదోని ప్రత్తి బజారునకు పేరుపడిన పట్టణము. ఎమ్మిగనూరు మగ్గములకు పేరుపడినది; 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము వలన ఆ యూరి పేరు దూరదేశములకు తెలిసినది. ఈ రెంటి చుట్టును కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, ఆలూరు, హొళగుంద మొదలగు మెట్టపల్లెలు. తుంగభద్ర చేరువనే పాఱుచున్నను వీనిలో పెక్కింటికి వానయే దిక్కు. వాన తప్పిన యేడు సరే సరి, తప్పని యేడు కూడ, తమ చేని పని ముగియగానే కుటుంబములకు కుటుంబములే మూటలు కట్టుకొని గుంటూరు మిరప చేలకు, తెలంగాణపు ప్రత్తి చేలకు సుగ్గికి పోవుదురు. సుగ్గి యనగా కన్నడమున పంట కోతల కాలము, సంబరముల కాలము. మా వారి నోట ఆ మాట వలసకు పేరైనది. కఱవున మాటలు కూడ తమ అర్థమును అమ్ముకొనును గాబోలు!

తల్లిదండ్రులు సుగ్గికి పోవునపుడు ఎదిగిన ఆడపిల్లను ఇంటియొద్ద ఎవరికి అప్పగింపవలెను? ఈ ప్రశ్నకు దొరకిన సులభమైన సమాధానము పెండ్లి. 1929 నాటి శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు హద్దుగా పెట్టెను. 1978లో ఆ హద్దు 18 అయ్యెను. 2006లో బాల్యవివాహములను నిషేధించు కొత్త చట్టము వచ్చెను. అయినను 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండక ముందే వివాహమైనట్లు తేలినది. చట్టమునకు భయపడి పెండ్లిపత్రిక అచ్చువేయించుట మానిరి గాని, పెండ్లి మానలేదు.

పెండ్లియైన పిల్లకు ఏడాది తిరుగకముందే "ఏమైనా విశేషమా?" యను ప్రశ్న మొదలగును. 17 ఏండ్లకు మొదటి కాన్పు, 18 నిండునప్పటికి రెండవది. ప్రాచీనుల మాట యేమని యడుగువారి కొక సంగతి చెప్పుదును. సుశ్రుతుడు తన సంహితలో శారీరస్థానమున, 16 ఏండ్లు నిండని పిల్ల గర్భము ధరించుట కడుపులోని బిడ్డకు క్షేమము కాదని ఆనాడే హెచ్చరించెను. శాస్త్రమును శాస్త్రమనుచు పంచాంగమును మాత్రమే చూచువారు ఈ శాస్త్రమును కూడ చూచుట మంచిది.

వయసు ఒక యెత్తు. ఎడము ఒక యెత్తు. ఒక కాన్పునకును, మరల గర్భము నిలుచుటకును నడుమ కనీసము 24 నెలలైన గడువవలెనని ప్రపంచారోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అనగా బిడ్డకును బిడ్డకును రమారమి మూడేండ్లు. ఒక బిడ్డను మోసి, కని, పాలిచ్చిన తల్లి శరీరము తాను పోగొట్టుకొన్న రక్తమును, ఇనుమును, సత్తువను మరల కూడబెట్టుకొనుటకు అంత కాలము పట్టును. ఈ లోపల ఇంకొక గర్భము నిలిచినచో, అప్పు తీరకముందే మఱియొక అప్పు చేసినట్లగును. తక్కువ బరువుతో పుట్టు బిడ్డలు, నెలలు నిండని కాన్పులు ఇట్టి గర్భములలో ఎక్కువ.

తల్లి సంగతి యిట్లుండగా ముందు పుట్టిన బిడ్డ సంగతి వేఱు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టున, అనగా నేటి ఘానా దేశమున, కాళ్లు వాచి, జుట్టు రంగు మాఱి, కృశించిపోవు పిల్లల వ్యాధిని పరిశీలించి, 1935లో దానిని క్వాషియోర్కర్ అను పేరుతో లోకమునకు తెలిపెను. ఆ పేరు ఆమె కల్పించినది కాదు. అచటి 'గా' అను భాషలో తల్లులు వాడుచుండిన మాట. తరువాతి బిడ్డ వచ్చినపుడు ముందు బిడ్డకు పట్టు జబ్బు అని దాని భావము. పాలు మాన్పించిన బిడ్డకు సరియైన తిండి దొరకక వచ్చు జబ్బు అది. ఎక్కడి గోల్డ్ కోస్టు, ఎక్కడి హొళగుంద! అయినను ఆ మాట భావమును మా అవ్వలకు నేను విప్పి చెప్పినపుడు ఒక్కరును ఆశ్చర్యపడలేదు.

ఇచ్చట మఱియొక నమ్మకమును ముట్టుకొని పోవలెను. బిడ్డ పాలు త్రాగుచున్నంత కాలము తల్లికి గర్భము నిలువదని మా ప్రాంతమున గట్టి నమ్మకము. ఇందులో సత్యము కొంత కలదు. బిడ్డకు ఆఱు నెలలు నిండనంత వరకు, రాత్రింబవళ్లు తల్లిపాలు తప్ప నీరైన పోయనంత వరకు, తల్లికి ముట్టు మరల రానంత వరకు ఆ రక్షణ బాగుగా పనిచేయును. ఈ మూటిలో ఏ యొకటి తప్పినను రక్షణ తప్పినట్లే. తొలి ముట్టు రాకమునుపే అండము విడుదల కావచ్చును గనుక, ముట్టు కాలేదను ధైర్యముతో నున్న తల్లికి మూడవ నెల వచ్చువఱకు సంగతి తెలియకపోవుట కలదు.

ఇక మన రాష్ట్రపు లెక్క. నేను చెప్పిన ఆ సర్వే ప్రకారము, పెండ్లియైన పునరుత్పత్తి వయసు స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారు. కాపర్ టి వాడువారు నూటికి ఒక్కరు కూడ లేరు. మగవారి ఆపరేషను సంగతి లెక్కలో వెదకి చూడవలసినంత చిన్నది. ఆపరేషను చెడ్డదని నేను చెప్పుటలేదు. పిల్లలు చాలునని నిశ్చయించుకొన్నవారికి అది మంచి మార్గమే. కాని 18 నిండక ముందు పెండ్లియాడి, ఇరువది రెండు ఇరువది మూడేండ్లకే ఇద్దఱినో ముగ్గురినో కని, ఆ వయసుననే శాశ్వతముగా నిలిపివేయుట మా సీమలో రివాజైనది. ఐదేండ్లలో కావలసిన కాన్పులన్నియు త్రొక్కిడిగా ముగించి, ఆపై నలుబదేండ్లు ఆ అలసట మోయుట! దైవికముగా బిడ్డ పోయినను, సంసారము విడిపోయి మాఱు మనువాడినను, మరల నాళములు కలుపు శస్త్రచికిత్స యొకటి కలదు గాని అది పెద్ద పట్టణముల పని, ఫలించునను నిశ్చయము లేని పని.

ప్రభుత్వమువారే జననములు తగ్గిపోవుచున్నవని చింతించుచున్న యీ కాలమున లూపు మాట యెందుకని కొందఱు నన్నడిగిరి. వారు చెప్పిన మాట నిజమే. రాష్ట్రమున స్త్రీకి సగటు సంతానము ఆ సర్వే నాటికి 1.7. ఇద్దఱికి మించి పిల్లలు గలవారు స్థానిక సంస్థల ఎన్నికలలో నిలువరాదను నిబంధనను 2024లో శాసనసభ తొలగించినది. కాని నేను మాటలాడుచున్నది ఎందఱను సంఖ్యను గుఱించి కాదు, ఎంత యెడమను కాలమును గుఱించి. ఇద్దఱు చాలునన్న తల్లికిని, నలుగురు కావలెనన్న తల్లికిని నడుమ మూడేండ్ల ఊపిరి సమానముగా కావలెను.

ఇప్పుడా సాధనపు పుట్టుపూర్వోత్తరములు. ఒంటెల కడుపులో అరబ్బులు రాళ్లు పెట్టి దారిలో చూలు కాకుండ చేసిరని యొక కథ పుస్తకములలో తిరుగుచున్నది. దానికి గట్టి ఆధారము లేదు. ఆధారము గల చరిత్ర గత శతాబ్దిలో మొదలగును. బెర్లిను నగరమున ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ అను వైద్యుడు 1920ల చివర పట్టుదారముతో, వెండి తీగతో వలయములు చేసి వాడెను. 1962లో అమెరికాకు చెందిన జాక్ లిప్పెస్ అను వైద్యుడు మెలికలు తిరిగిన ప్లాస్టిక్కు సాధనమును ప్రకటించెను. మా అవ్వలు చెప్పు లూపు అదియే.

మన దేశము 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. 1965లో లూపును దేశమంతట ప్రవేశపెట్టిరి. తొలి రెండేండ్లలో లక్షల కొలది స్త్రీలకు వేసిరి. వేయుటలో నున్న వేగము, వేసిన తరువాత చూచుటలో లేకపోయెను. కొన్నాళ్లు రక్తస్రావము ఎక్కువగా నుండునని చాలమందికి ముందు చెప్పలేదు. ఉన్నపుడు వచ్చి విచారించినవారు తక్కువ. కొలదికాలములోనే లూపు పేరు చెడి, వేయించుకొనువారి సంఖ్య పడిపోయెను. మా వీధిలో ఎనుబదేండ్లు దాటిన అవ్వ యొకతె కలదు. పెండ్లియైన కొత్తలో లూపు వేయించుకొన్నది. "మూడు నెల్లు ఆగకుండ పోయింది సామీ, పోతే అదే తగ్గుతుందిలే అని ఎనక్కి పంపినారు" అని ఆమె నేటికిని చెప్పును. మనుమరాలు కాపర్ టి యన్నపుడు గడపకడ్డముగా కూర్చున్నది. ఆ అవ్వ చెప్పునది అబద్ధము కాదు. వైద్యసిబ్బంది ఆమెను మూఢురాలని త్రోసివేయుట తగదు. ఆమె అనుభవించినది వేఱొక సాధనము, వేఱొక నిర్లక్ష్యము. ఆ తేడాను ఓపికతో చెప్పినచో ఆమెయే వినును.

తేడా యేమనగా: 1960ల చివరి భాగమున అమెరికాలో హోవర్డ్ టాటమ్ అను వైద్యుడు గర్భసంచి యాకారమునకు సరిపడునట్లు టి అను ఇంగ్లీషు అక్షరపు రూపమున చిన్న సాధనమును చేసెను. చిలీ దేశపు వైద్యుడు హైమే జిప్పర్ రాగికి గర్భనిరోధక శక్తి కలదని కనుగొనెను. ఈ రెండును కలిసి కాపర్ టి యైనది. మన ప్రభుత్వ వైద్యశాలలలో 2002 నుండి ఇచ్చుచున్నది కాపర్ టి 380ఎ. ఆ 380 యను సంఖ్య రాగి పరచుకొన్న వైశాల్యము, చదరపు మిల్లీమీటర్లలో. అది పదేండ్లు పనిచేయును. 375 అను పేరుగల మఱియొకటి 2012 నుండి వచ్చినది; అది ఐదేండ్లది. మీకు వేసినది ఏదియో అడిగి తెలిసికొనుట మీ హక్కు.

రాగి చేయు పని ముఖ్యముగా ఇది: దాని నుండి మెల్లమెల్లగా వెలువడు అతి సూక్ష్మాంశములు పురుషబీజములను నిర్వీర్యపఱచి అండముతో కలియనీయవు. నిలిచిన గర్భమును చెఱచుట దీని పని కాదు. ధర్మసంశయముతో నన్నడుగు పెద్దలకు మొదట నేను చెప్పునది ఈ మాటయే. తొలి సంవత్సరమున దీనిని దాటి గర్భము నిలుచుట నూటికి ఒకరికంటె తక్కువమందికి. తీసివేసిన పిదప గర్భము ధరించు శక్తి వెంటనే మరల వచ్చును.

వేయుటకు కత్తి లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. శిక్షణ పొందిన వైద్యురాలు గాని నర్సు గాని కొన్ని నిమిషములలో వేయుదురు. కొందఱకు ఆ సమయమున కడుపు పిండినట్లు నొప్పి కలుగును, కొందఱకు కండ్లు తిరుగును; కొంతసేపు పడుకొనిన తగ్గును. గర్భము లేదని నిశ్చయమైన యే దినముననైనను వేయవచ్చును గాని, ముట్టు మొదలైన తొలి దినములలో ఆ నిశ్చయము సులభము. ప్రసవమైనవారికి 48 గంటలలోపల వేయుదురు; ఆ గడువు దాటినచో ఆఱు వారములు ఆగి వేయుదురు. ప్రభుత్వ వైద్యశాలలో దీనికి ఖర్చు లేదు.

ఇక భయములు. "అది పైకి పాకి గుండెకాడికి పోతాదంట గదా అయివారూ?" ఇది నేను తఱచుగా విను ప్రశ్న. గర్భసంచి బోర్లించిన చిన్న సొరబుఱ్ఱ వంటిది. దానికి క్రింద మూతి కలదు. పైన ఇరువైపుల నూలుపోగు దూరునంతటి సన్నని నాళములు కలవు. దానినుండి గుండెకు దారి లేదు. వేయి మందిలో ఒకరికి, వేయునపుడే అది సంచి గోడను దాటి పొట్టలోనికి పోవుట కలదు. ఇది దాచవలసిన మాట కాదు. అట్టిది జరిగినచో దారములు చేతికి తగులవు. స్కానింగు తీసి చూచి, దానిని తీసివేయుదురు. అనుభవము గల చేతికి ఇది మఱియు అరుదు.

"తుప్పు పట్టదా?" యని మఱియొక ప్రశ్న. తుప్పు ఇనుముది. రాగికి పట్టునది చిలుము. మా తాతగారి కాలపు రాగి చెంబు నేటికిని మా యింట నున్నది, తోమినచో మెఱయును. సాధనమునందలి రాగి మిక్కిలి నెమ్మదిగా తఱుగును. అందువలననే దానికి పదేండ్ల గడువు పెట్టిరి.

ప్రత్తి మూటలు, మిరప టిక్కీలు ఎత్తినచో జారిపోవునా? బరువు వలన జారదు. కాని కొందఱకు అది దానంతట అది జారుట కలదు. తొలి సంవత్సరమున నూటికి ఇద్దఱు మొదలు పదిమంది వఱకు ఇట్లగునని వైద్యులు చెప్పుదురు. కాన్పు వెంటనే వేయించుకొన్నవారిలో ఇది కొంచెము ఎక్కువ. తఱచుగా తొలి నెలలలో, ముట్టు సమయమున జరుగును. కావున దానికి కట్టిన సన్నని దారములు ఉన్నవో లేవో ముట్టు ముగిసిన పిదప వ్రేలితో చూచుకొనుట నేర్చుకొనవలెను. ఆ దారములు మగవారికి తగులునను మాట కూడ కలదు. కొన్నాళ్లకు అవి మెత్తబడును. అప్పటికిని బాధయున్నచో డాక్టరమ్మ పొట్టిగా కత్తిరించును. దీనికై సాధనమునే తీయించి పాఱవేయనక్కఱలేదు.

లేని భయములను త్రోసివేసినంత మాత్రమున ఉన్న కష్టములను కప్పిపుచ్చరాదు. 1965లో జరిగిన పొరపాటు అదియే గదా. కాపర్ టి వేసిన తొలి మూడు మొదలు ఆఱు నెలలు ముట్టు ఎక్కువగా నగును, ఎక్కువ దినములు పట్టును, కడుపునొప్పి యుండును. చాలమందికి తరువాత తగ్గును, కొందఱకు తగ్గదు. మన రాష్ట్రమున స్త్రీలలో సగముమందికి మించి రక్తహీనత గలవారని లెక్కలు చెప్పుచున్నవి. జొన్నరొట్టె, కారము తిని కూలికి పోవు స్త్రీకి నెలనెల ఇంకొంత రక్తము పోవుట చిన్న విషయము కాదు. అందుచేత వేయకముందే రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇనుపధాతువు మాత్రలు క్రమముగా మ్రింగవలెను. రక్తము మిక్కిలి తక్కువగా నున్నవారు డాక్టరమ్మతో మాటలాడి వేఱొక మార్గము చూచుకొనుట మేలు. మూడు నెలల కొకమారు వేయు అంతర యను సూదిమందు 2017 నుండి ప్రభుత్వ వైద్యశాలలలో కలదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న మందుతో చేసిన ఛాయ యను మాత్ర కలదు. తొలి మూడు నెలలు వారమునకు రెండు, తరువాత వారమునకు ఒకటి. మగవారు వాడుకొనదగిన నిరోధ్ ఎప్పుడును కలదు; దాని మాట యెత్తగానే మా మగవారికి ఏదో పని జ్ఞాపకము వచ్చును.

గర్భసంచిలోనో కటిభాగముననో చీము, జబ్బు ఉన్నవారికి, కారణము తెలియని రక్తస్రావము గలవారికి, గర్భసంచికి గాని దాని మూతికి గాని క్యాన్సరు గలవారికి, గర్భసంచి ఆకారము సరిగా లేనివారికి దీనిని వేయరు. సుఖవ్యాధుల నుండి ఇది కాపాడదు. వేసిన తరువాత ముట్టు తప్పినను, జ్వరముతో పొత్తికడుపు నొప్పి వచ్చినను, దుర్వాసనతో తెలుపు పోయినను, దారములు తగులకున్నను ఆలస్యము చేయక పోయి చూపించుకొనవలెను.

ఇప్పుడు నాకు మిక్కిలి నొప్పి కలిగించిన యొక సంగతి. నా పూర్వ శిష్యురాలొకతె, ఇరువదేండ్ల పిల్ల, రెండవ కాన్పు ముగిసి ఇంటికి వచ్చిన పది దినములకు వైద్యశాల కాగితము నా చేత చదివించుకొన్నది. బిడ్డ బరువు, టీకాల తేదీలు చదివితిని. క్రింద ఇంగ్లీషున, కాన్పు వెంటనే కాపర్ టి వేసినట్లు వ్రాసియున్నది. చెప్పితిని. ఆమె ముఖము పాలిపోయినది. "నాకెవురూ చెప్పలేదు అయివారూ" అన్నది. నొప్పులు పడుచున్న వేళ ఏదో కాగితముపై సంతకము పెట్టించుకొన్నమాట జ్ఞాపకము కలదట. ఆ వైద్యశాల పేరు నేను చెప్పను. అట్టి ఫిర్యాదులు ఒక్క చోట పుట్టినవి కావు. ఆమెకు కోపము వచ్చినది, భయము వేసినది. ఆ వారముననే పోయి తీయించుకొన్నది. ఏడాది తిరుగకముందే మూడవ గర్భము. ఆ కాన్పున ఆమె రెండు సీసాల రక్తము ఎక్కించుకొని, చావు అంచుదాక పోయి వచ్చినది. ఆ సాధనము ఆమెకు సరిపడినదే కావచ్చును. గర్భిణిగా నెలనెల పరీక్షకు పోయిన తొమ్మిది నెలలలో ఏ యొక్కనాడైనను పది నిమిషములు కూర్చుండబెట్టి, ఇది యిట్టిది, నీకు కావలెనా వద్దా యని యడిగియున్నచో ఆమె ఉంచుకొనెడిదేమో. చెప్పక చేసిన మేలును ఆమె మేలని యెట్లు నమ్మును?

అడుగవలసినది నొప్పుల వేళ కాదు. ఏడవ నెలలో, ఎనిమిదవ నెలలో అడుగవలెను. ఆమెకు తెలిసిన భాషలో అడుగవలెను. ఆదోనిలో తెలుగుతో పాటు ఉర్దూ కలదు, కన్నడము కలదు. వద్దన్నచో మానవలెను. వేసిన తరువాత తీయుమన్నచో, ఇంకొక మాసము చూడుమని సలహా చెప్పవచ్చును గాని, తీయనని పంపివేయరాదు. దీనికి భర్త సంతకము అక్కఱలేదు. ఈ సంగతి చాలమంది స్త్రీలకు తెలియదు, కొందఱు సిబ్బందికి కూడ జ్ఞాపకముండదు. భర్తతో ఆలోచించుకొనుట మంచిది. ఆలోచన వేఱు, అనుమతి వేఱు.

అత్తగార్లకు ఒక మాట. తొలి బిడ్డ ఆడపిల్లయైనచో రెండవది త్వరగా కావలెనని మీరు తొందరపడుదురు. మీ కోరిక సంగతి అట్లుంచి, మీ లెక్కనే చూచుకొనుడు. మూడేండ్లు ఆగిన కోడలు కనెడు బిడ్డ బరువుగా పుట్టును, బ్రతుకును. తానును పొలము పనికి నిలుచును. 'అష్టపుత్రా సౌభాగ్యవతీ భవ' యని మా పూర్వులు దీవించిన కాలమున ఎనమండుగురు పుట్టినచో నలుగురు దక్కుట కష్టముగా నుండెను. ఆ దీవెన ఆ కాలపు భయము నుండి పుట్టినది. నేనిప్పుడు పెండ్లిండ్లలో అక్షతలు వేయునపుడు 'దీర్ఘసుమంగళీ భవ' యని ఊరకుందును.

సుగ్గికి పోవు అమ్మలకు కొన్ని సంగతులు చెప్పి ముగింతును. కార్తికము దాటగానే బండ్లు కదలును. కాపర్ టి వేయించుకొనదలచినవారు బయలుదేరు వారమున తొందరగా వేయించుకొని పోవలదు. వినాయక చవితి మొదలు దసరా లోపల వేయించుకొన్నచో, తొలి రెండు ముట్టుల తీరు ఇంటియొద్దనే చూచుకొని, ఒకమారు డాక్టరమ్మకు చూపించుకొని పోవచ్చును. వేసిన దినమున ఒక కార్డు ఇత్తురు. అందులో వేసిన తేదీ, సాధనము రకము, తీయవలసిన సంవత్సరము ఉండవలెను. లేకున్న అడిగి వ్రాయించుకొనుడు. ఆ కార్డును ఆధార్ కార్డుతో పాటు మూటలో పెట్టుకొనుడు. గుంటూరు చేలలో నున్నపుడు జ్వరమో నొప్పియో వచ్చినచో, దగ్గఱి ప్రభుత్వ వైద్యశాలలో దానిని చూపిన చాలును. మా యూరికి పోయినపుడు చూచుకొందమని మూడు నెలలు ఓర్చుకొనవలదు. ఇనుపధాతువు మాత్రలు ఆఱు నెలలకు సరిపడ ముందే అడిగి తీసికొనిపొండు. ఇక ప్రతి పల్లెలోను ఆశా కార్యకర్త కలదు. ఆమె కూడ మీ వంటి కోడలే, మీ వీధిలోనిదే. మీ యింటి మగవారి యెదుట, అత్తగారి యెదుట ఈ మాట తానుగా ఎత్తుటకు ఆమె జంకును. నీళ్ల కొళాయి యొద్ద ఒంటరిగా కనబడినపుడు మీరే ముందు అడుగుడు.